మా పొలం కింద యురేనియం ఉందంటున్నారు, లీజుకు ఒప్పుకునేది ఎవరు, కాదనేది ఎవరు?

పత్తికొండ_పిల్లోడు:

అన్నలూ, అక్కలూ, కొంచెం తెలిసినవాళ్ళు చెప్పండి. మాది కర్నూలు జిల్లా, పత్తికొండ వైపు. నేను బెంగళూరులో ఉంటా, సేద్యం నాయన చూసుకుంటాడు. ఏడెకరాలు, వేరుశనగ, కంది, ఒక బోరు. కొంత పట్టా, కొంత డీకే పట్టా, అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. ఈమధ్య నలుగురు జీపులో వచ్చి గట్ల వెంబడి తిరిగి, చేతిలో మిషన్ ఏదో బండల దగ్గర పెట్టి చూసి, నోట్‌బుక్‌లో రాసుకుని పోయారంట. ఎవరు మీరు అంటే సర్వే అన్నారు, అంతే. సాయంత్రానికి రచ్చబండ దగ్గర యురేనియం అని ఒకటే మాట. నాయనకు రాత్రిళ్ళు నిద్ర లేదు, రోజూ ఫోన్ చేసి పొలం పోతుందా అని అడుగుతున్నాడు.

కప్పట్రాళ్ళ సంగతి మా వైపు అందరికీ గుర్తుంది. 2024లో అక్కడి అడవిలో 68 బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళు రోడ్డెక్కితే, జిల్లా అధికారులు ఆ ప్రతిపాదన ముందుకు పోదని చెప్పారు. కానీ అది అడవి, మాది సొంత భూమి. అసలు నాకు తెలియాల్సింది ఏందంటే, యురేనియం లీజు ఇచ్చేది రాష్ట్రమా కేంద్రమా? మేం గ్రామసభలో వద్దంటే చెల్లుతుందా? మా పక్కనే జొన్నగిరిలో బంగారం గని ప్రైవేటు కంపెనీది, ఇది కూడా అట్లే ఎవరైనా వేలంలో పాడుకుంటారా? నాయన పాస్‌బుక్ ఉంది కదా అని ధైర్యం చెప్తున్నా గానీ నాకే ధైర్యం లేదు.

గనుల_గుమాస్తా:

తమ్ముడూ, ముందు బంగారం సంగతి తేల్చేద్దాం, అది తేలిక. 1957 నాటి గనులు ఖనిజాల చట్టం చివర ఒక షెడ్యూల్ ఉంటుంది. బొగ్గు పార్ట్ ఎ, అణు ఖనిజాలు పార్ట్ బి, బంగారం, ఇనుము లాంటివి పార్ట్ సి. 2015 సవరణ వచ్చాక పార్ట్ సి వాటికి వేలం పెట్టారు. యురేనియం పార్ట్ బి. నిర్ణీత గ్రేడు దాటిన నిక్షేపమైతే 2016 అణు ఖనిజాల నిబంధనల ప్రకారం ప్రభుత్వ సంస్థకే ఇస్తారు, పాటలు పాడేది లేదు. ఇన్నేళ్ళుగా దేశంలో యురేనియం తవ్వి తీస్తున్నది యూసీఐఎల్ ఒక్కటే, 1967లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ కంపెనీ. 2023లో లిథియం, టైటానియం, నియోబియం వగైరా ఆరు ఖనిజాలను పార్ట్ బి నుంచి బయటికి తీసి ప్రైవేటుకు దారి ఇచ్చారు గానీ యురేనియాన్ని కదపలేదు.

ఇక లీజు. కాగితం మీద లీజు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే. మీ జిల్లా గనుల ఆఫీసు నుంచే ఫైలు కదులుతుంది, జీవో అమరావతి నుంచే వస్తుంది. కాకపోతే పార్ట్ బి ఖనిజాలకు కేంద్రం ముందస్తు ఆమోదం లేనిదే రాష్ట్రం లీజు ఇవ్వకూడదని సెక్షన్ 5 అంటుంది. పైగా రాష్ట్రాలకు ఆదేశాలిచ్చే అధికారాన్ని అదే చట్టం కేంద్రానికి పెట్టింది. సంతకం అమరావతిది, నిర్ణయం ఢిల్లీది. ఎన్నికల ముందు రెండు పార్టీల వాళ్ళూ మేం రానివ్వం అంటారు చూడు, వాళ్ళు దేన్ని రానివ్వరో ఆ మాట అడగాలి. లీజునా, భూమినా, నీళ్ళనా? ఎందుకంటే లీజు ఒక్కటీ చేతిలో ఉంటే గని మొదలవదు. భూసేకరణ చేసేది కలెక్టరు. నీటి కేటాయింపు రాష్ట్రానిది. కాలుష్య నియంత్రణ మండలి కట్టడానికి ఒక అనుమతి, నడపడానికి ఇంకో అనుమతి ఇవ్వాలి. రాష్ట్రానికి నిజంగా వద్దనుకుంటే ఆపగలిగేది ఇక్కడ.

గ్రామసభ సంగతి చెప్తే నీకు నచ్చదు. గ్రామసభకు అధికారాలిచ్చే పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే, అంటే గుర్తించిన గిరిజన ప్రాంతాలకే వర్తిస్తుంది, మీ పత్తికొండ అందులో లేదు. గ్రామసభ తీర్మానం చేయండి, తప్పకుండా చేయండి, రేపు కోర్టుకు పోతే పనికొస్తుంది, కానీ దాంతోనే ఆగిపోతుందని నాయనకు చెప్పకు. మొన్నటిదాకా మీలాంటి ఊళ్ళకు ఉన్న ఒక్క గట్టి అవకాశం పర్యావరణ అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. 2025 సెప్టెంబర్ 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చి అణు ఖనిజాలకు, కీలక ఖనిజాలకు అది అక్కర్లేదంది. లీజు విస్తీర్ణం ఎంత తక్కువైనా పరిశీలన ఢిల్లీలోనే. దేశ భద్రత అని కారణం రాశారు. భద్రత అవసరమే, కాదనను. కలెక్టరు ముందు మైకు పట్టుకుని మా బావి సంగతేంటి అని ఒక రైతు అడిగితే దేశ భద్రతకు ఏం లోటో మాత్రం నాకు అర్థం కాలేదు.

బోరుబండి_బాబాయ్:

పిల్లోడా, నాయనను ముందు పడుకోమను. జీపులో వచ్చి మిషన్ పెట్టి చూసి పోయారంటే అది సింటిలోమీటర్ అయ్యుంటుంది, రాయిలోంచి వచ్చే గామా కిరణాలను లెక్కపెడుతుంది. మన గ్రానైటు బండల్లో చాలాచోట్ల అది కొంచెం ఎక్కువే చూపిస్తుంది. చూపించినచోటల్లా గని రాదు. నేను కాంట్రాక్టు మీద కోర్ డ్రిల్లింగ్ చేసినవాణ్ణి, వేరే వేరే ఖనిజాలకు, కాబట్టి పని ఎలా ఉంటుందో చెప్తా.

అది నీళ్ళ బోరులా దుమ్ము లేపుతూ దిగేది కాదు. గొట్టం కొసకు వజ్రపు పళ్ళున్న బిట్టు ఉంటుంది, అది గుండ్రంగా కోసుకుంటూ దిగితే మధ్యలో రాయి కడ్డీలా మిగులుతుంది. ఆ కడ్డీ ముక్కలను పైకి తీసి, కడిగి, పొడుగాటి అరల పెట్టెల్లో వరసగా పేర్చి, ఎన్ని మీటర్ల లోతుదో పక్కన చెక్క ముక్క మీద రాసి పెడతాం. తర్వాత ఖాళీ బోరులోకి తీగతో ఒక పరికరం దించి ఏ లోతులో కిరణాలు ఎక్కువున్నాయో చూస్తారు. అంతా అయ్యాక ఆ బోరును సిమెంటుతో పూడ్చాలి. మీరు కాపలా కాయాల్సింది ఇక్కడ! పూడ్చకుండా పైన మూత ఒకటి బిగించి పోతే కింద వేరే పొర నీళ్ళు పైపొరలోకి, పైవి కిందికి కలుస్తాయి. అది యురేనియం వల్ల వచ్చే నష్టం కాదు, బద్ధకం వల్ల వచ్చేది. చూశాను కాబట్టి చెప్తున్నా.

సర్వే నుంచి గని దాకా ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. బోర్లు వేసిన చోట్లలో చాలా వాటిని ఇక్కడేం లేదు పదండి అని వదిలేస్తారు.

అచ్చంపేట_ఆవల:

మా అనుభవం కూడా వినండి. 2019 మే నెలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అంది. అన్వేషణే కదా అన్నారు, కానీ ప్రతిపాదనలో వేలల్లో బోర్లు. బోర్లంటే బండ్లు, బండ్లంటే రోడ్లు, నల్లమల నడిమిట్ల. చెంచు పెంటల వాళ్ళు, విద్యార్థులు, చివరికి సినిమా వాళ్ళు కూడా మాట్లాడిన్రు. సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీల అప్పటి మంత్రి కేటీఆర్ తీర్మానం పెడితే ఏకగ్రీవంగా పాసైంది.

అసెంబ్లీ తీర్మానానికి చట్టంలో విలువ లేదు అని అప్పుడు చాలామంది ఎక్కిరించిన్రు. గుమాస్తా గారు చెప్పిన పాయింటే దానికి జవాబు. అటవీ భూమిని వేరే పనికి ఇవ్వాలంటే కేంద్రం ఆమోదిస్తుంది, కానీ ఆఖరి ఉత్తర్వు ఇవ్వాల్సింది రాష్ట్రం. రాష్ట్రం కలం కదపకపోతే ఢిల్లీ ఆమోదం ఫైల్లనే ఉంటది. అందుకే ఆ తీర్మానం పని చేసింది. అయితే 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు సర్వే, అన్వేషణ పనులను అటవీయేతర పనిగా చూడనక్కర్లేదని కేంద్రం షరతులతో ఉత్తర్వు ఇచ్చుకునే వీలు పెట్టుకుంది. అంటే రేపు ఇంకో నల్లమల వస్తే ఆ మొదటి గేటు అంత గట్టిగా ఉండదు. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు వాళ్ళకు 2003లో ప్రజాభిప్రాయ సేకరణ అన్నా జరిగింది, నాగార్జునసాగర్ జలాశయం పక్కన గని ఏందని నిలదీసే జాగా దొరికింది. మీకు అదీ లేదు.

కరెంటు_కావాలిగా:

నన్ను తిట్టినా ఫర్వాలేదు, రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్ అని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు, అప్పటికి ఉన్నది తొమ్మిది గిగావాట్ల లోపే. అదే ఏడాది చివర శాంతి చట్టం తెచ్చి రియాక్టర్లలోకి ప్రైవేటును కూడా రానిచ్చారు. ఇంధనం ఎక్కణ్ణుంచి వస్తుంది? కజకిస్తాన్ నుంచి, కెనడా నుంచి కొంటున్నాం నిజమే, కానీ ఆ దిగుమతి యురేనియాన్ని అంతర్జాతీయ తనిఖీ కింద ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. మిగతా వాటికి సొంత ఖనిజమే దిక్కు. మన ఖనిజం నాసిరకం, టన్నుల కొద్దీ రాయి తవ్వితే గానీ కొంచెం రాదు, ధర గిట్టదు, అయినా తవ్వుతున్నారంటే కారణం అది. హైదరాబాద్‌లో అణు ఇంధన కర్మాగారం ఎన్‌ఎఫ్‌సీ ఇంధన కట్టలు చేస్తుంటే గర్వంగా చెప్పుకుంటాం, దానికి ముడిసరుకు మాత్రం మన జిల్లాలో వద్దంటాం. జార్ఖండ్‌లో యురేనియం గని ఉన్న జాదుగూడ వాళ్ళ జిల్లాలో అయితే ఫర్వాలేదా? థర్మల్ ప్లాంటు బూడిదతో బతికే ఊళ్ళను ఒకసారి చూసి రండి.

కొట్టాల_దారిలో:

కరెంటు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే, జాదుగూడ వాళ్ళకైనా అన్యాయం జరగకూడదు. అవసరం ఉందా లేదా అన్న చోట మీతో గొడవ లేదు. అనుమతిలో రాసిన షరతును ఎవరు చూస్తారు అన్న చోటే నా గొడవ. ఇది నా సొంత కథ కాదు, నోటీసుల్లో, పేపర్లలో ఉన్నదే.

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని. 2007 నవంబర్‌లో ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. అక్కడి రాయి డోలమైటు రకం, దానిలో యాసిడ్ పోస్తే యాసిడ్ అంతా రాయే తాగేస్తుంది, అందుకని క్షార పద్ధతిలో, సోడా ద్రావణంతో వేడి, ఒత్తిడి పెట్టి యురేనియం లాగుతారు. తీసేది పిసరంత, మిగిలిన పిండి రాయి, ఉప్పు నీళ్ళు కలిసిన బురదంతా గొట్టాల్లో కె.కె.కొట్టాల దగ్గర టెయిలింగ్ పాండ్‌కు పోతుంది. చెరువు అంటే మన చెరువు కాదు, కొండల మధ్య కట్ట వేసి బురద నింపే చోటు. ఆ అడుగున బెంటొనైట్ మట్టి, పాలిథిన్ పొర వేయాలని అనుమతిలో షరతు. కొన్నేళ్ళకు చుట్టుపక్కల బోర్ల నీళ్ళు తేడాగా ఉన్నాయని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని, ఒంటికి దద్దుర్లొస్తున్నాయని రైతులు మొత్తుకుంటే కాలుష్య నియంత్రణ మండలి 2018లో, 2019లో నోటీసులిచ్చింది. అడిగిన వాటిలో ఒకటి, ఆ అడుగు పొర సంగతి.

ఒకసారి ఆలోచించండి. చెరువు నిండటం మొదలై అప్పటికి ఏళ్ళు గడిచాయి. అడుగున ఏముందో బురద నిండాక ఎవడు దిగి చూస్తాడు? షరతు రాసింది ఢిల్లీలో, అనుమతి ఇచ్చింది రాష్ట్ర మండలి, రేడియేషన్ చూసేది ముంబైలోని అణు నియంత్రణ బోర్డు. ముగ్గురు కాపలాదార్లు ఉన్నా పొలంలో తేడా మొదట కనిపెట్టింది రైతు.

తర్వాత వాదన ఏ దారి పట్టిందో అది మన పిల్లోడికి ముఖ్యం. ఆ నేలలోనే యురేనియం ఉంది, నీళ్ళలో సహజంగా ఉండదా అని ఒక పక్క, చెరువు వచ్చాకే వచ్చింది అని ఇంకో పక్క. సహజంగా ఉండొచ్చు, అది అబద్ధం కాదు. మరి గని రాకముందు ఒక్కో రైతు బోరులో ఎంత ఉండేది? తన బోరు తాలూకు పాత కాగితం ఏ రైతు దగ్గర ఉంటుంది? లేనప్పుడు తేల్చేదెవరు?

కరెంటు_కావాలిగా:

ఒప్పుకుంటా, షరతులు అమలు చేయకుండా తవ్వమని నేనూ అనను. కానీ అసలు వద్దు అనేవాళ్ళతోనే నా ఇబ్బంది.

కొట్టాల_దారిలో:

అసలు వద్దు అనేదాకా జనం ఎందుకు వచ్చారో పైన చెప్పాను కదండీ.

పత్తికొండ_పిల్లోడు:

అందరికీ చాలా థ్యాంక్స్, రాత్రి నాయనకు మొత్తం చదివి వినిపించా. ఆయన అడిగినవి రెండు. మళ్ళీ జీపు వస్తే పొలంలోకి రావద్దు అనొచ్చా? ఇంకోటి, ఖర్మ కాలి గని వస్తే రాయల్టీలో ఊరికి ఏమైనా వస్తుందా, జొన్నగిరి వైపు ఆ ఫండు ఈ ఫండు అంటుంటారు కదా అని.

గనుల_గుమాస్తా:

పొలంలోకి రావడం గురించి. లైసెన్సో లీజో ఉన్నవాడికి భూమిలోకి వచ్చే హక్కు సెక్షన్ 24ఎ ఇస్తుంది, నష్టం చేస్తే పైన సాగు చేసుకునేవాడికి పరిహారం కట్టాలని కూడా అదే అంటుంది, ఇల్లు, ఇంటి దొడ్డి లాంటి వాటిలోకి అయితే సమ్మతి లేకుండా రావాలంటే కనీసం ఏడు రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అయితే అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ఏఎండీకి, మన బేగంపేటలో ఉండేదే, అన్వేషణకు అసలు లైసెన్సే అక్కర్లేదని సెక్షన్ 4 మినహాయించింది. లైసెన్సు లేనప్పుడు లైసెన్సుదారుకు ఇచ్చిన ప్రవేశ హక్కు ఎలా వస్తుంది? నా లెక్కన పట్టా భూమిలో బోరు వేయాలంటే వాళ్ళు మీ అనుమతి తీసుకోవాలి. ఇది నేను చట్టం చదువుకున్న తీరు, ఊళ్ళో వకీలుతో ఒకసారి మాట్లాడుకోండి. గొడవకు దిగొద్దు, ఏ ఆఫీసు, ఏ పని, ఎన్ని బోర్లు అని కాగితం అడగండి, తహసీల్దారుకు ఒక కాపీ పెట్టండి. తర్వాత సమాచార హక్కు కింద ఎవరు వచ్చారో జిల్లా గనుల ఆఫీసును అడగొచ్చు.

భూసేకరణలో ఒక మెలిక ఉంది, ముందే తెలుసుకోండి. 2013 చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీకి భూమి తీసుకోవాలంటే 80 శాతం మంది ఒప్పుకోవాలి. ప్రభుత్వ కంపెనీ తన కోసం తీసుకుంటే ఆ సమ్మతి నిబంధన లేదు. పరిహారం, పునరావాసం మీద పోరాడొచ్చు, ఇవ్వను అంటే మాత్రం కష్టం. డీకే పట్టాకు పట్టాతో సమానంగా కట్టిస్తారా అన్నది విడిగా పట్టుబట్టాల్సిన సంగతి, అడంగల్‌లో నాయన పేరు సాగుదారుగా ఉందో లేదో ఇప్పుడే చూసుకో.

రాయల్టీ మాట ఎత్తావు కాబట్టి చెప్తున్నా, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇనుముకు, బంగారానికి అమ్మకం ధర మీదో, మార్కెట్ ధర మీదో లెక్క కడతారు. దేశంలో యురేనియానికి మార్కెట్ లేదు, కొనేదీ అమ్మేదీ కేంద్రమే. అందుకని యూసీఐఎల్‌కు కేంద్రం ఏటా ఇచ్చే పరిహారం మొత్తంలో రెండు శాతాన్ని రాయల్టీగా రాష్ట్రాలకు పంచుతారు, ఎవరికెంత అన్న లెక్క అణుశక్తి శాఖ ఇస్తుంది. ఆ రాయల్టీలో ఓ వాటా జిల్లా ఖనిజ నిధికి, అంటే డీఎంఎఫ్‌కు పోతుంది. 2015 జనవరి 12కి ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం వరకు, తర్వాతవైతే 10 శాతం. రెండు శాతంలో పది శాతం అంటే ఎంతో నువ్వే వేసుకో. ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు పన్ను వేసుకోవచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం తేల్చింది కాబట్టి రాష్ట్రానికి కొంత రావచ్చేమో, అది మీ ఊరి బోరుకు చేరడం వేరే సంగతి.

బోరుబండి_బాబాయ్:

కొట్టాల అన్న చెప్పింది పట్టుకో పిల్లోడా. ఇప్పుడే, ఏ బండీ రాకముందే, మీ బోరు నీళ్ళు, ఊళ్ళో ఇంకో నాలుగు బోర్ల నీళ్ళు పరీక్ష చేయించి పెట్టుకోండి. తాగునీళ్ళలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్క. యురేనియంతో పాటు ఉప్పుల శాతం, కాల్షియం, సోడియం, సల్ఫేటు కూడా రాయించండి, క్షార పద్ధతి ప్లాంటు దగ్గర సోడియం, సల్ఫేటు ముందు కదులుతాయి. మామూలు ఊరి వాటర్ ప్లాంటు వాడి పరీక్ష పనికిరాదు, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపాలి. శాంపిల్ తీసేటప్పుడు సీసా మీద తేదీ, సర్వే నంబర్, బోరు లోతు రాసి, సర్పంచ్, వీఆర్ఓ సంతకాలు పెట్టించి, ఫోన్‌లో లొకేషన్ కనిపించేలా ఫొటో తీయండి. వానలకు ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి, ఎందుకంటే రెండింటికీ తేడా వస్తుంది.

పత్తికొండ_పిల్లోడు:

ఖర్చు ఎంతవుతుందో కనుక్కుంటున్నా బాబాయ్. మా ఊళ్ళో పది మంది రైతులు తలా కొంత వేసుకుంటామన్నారు. వీఆర్ఓ సంతకం పెట్టనంటే ఏం చేయాలి?

గనుల_గుమాస్తా:

పెట్టకపోతే పంచాయతీ తీర్మానంలో ఫలానా తేదీన ఫలానా బోర్ల నీళ్ళు తీశాం అని రాయించి, ల్యాబ్ రిపోర్టు జతచేసి, తహసీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలి జిల్లా ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపండి. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పారేయకండి.